గేటు లేని తోవలో లెక్క

జనవరి సాయంత్రాల్లో నాంపల్లి మీదుగా ఇంటికి పోవాల్సిన వాళ్లకు ఏ లెక్కలూ చూడకుండానే తెలిసిపోతుంది, ఎగ్జిబిషన్ మొదలైందని. గాంధీభవన్ ముందు ఆటోలు కదలవు. మొజంజాహీ మార్కెట్ దాకా హారన్లే. మర్నాడు పత్రికలో ఒక అంకె వస్తుంది, నిన్న నుమాయిష్‌కు ఇన్ని వేల మంది వచ్చారని. నెల తిరిగేసరికి ఆ వేలు లక్షలవుతాయి. మనం అబ్బో అనుకుని పేజీ తిప్పేస్తాం.

ఈ అధ్యాయంలో ఆ పేజీ తిప్పకుండా కాసేపు ఆగుదాం. ఆ వేలు మనుషులా, టికెట్లా? ఒకే మనిషి మూడుసార్లు వస్తే ముగ్గురా? వాళ్లు ఖర్చుపెట్టిందంతా హైదరాబాదుకు లాభమేనా? గేటూ టికెట్టూ ఉన్న చోటే ఇన్ని చిక్కులుంటే, గేటే లేని అడవి తోవలో రోజుల తరబడి నడిచి శ్రీశైలం చేరే జనాన్ని లెక్కపెట్టేదెట్లా?

నుమాయిష్‌కూ లెక్కలకూ పుట్టుకలోనే చుట్టరికం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న పట్టభద్రులు కొందరు 1930లలో హైదరాబాదు రాజ్యపు ఆర్థిక స్థితిగతులమీద ఒక సర్వే చేయాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. ఆ డబ్బు కోసం స్థానికంగా తయారయ్యే వస్తువులతో ఒక ప్రదర్శన పెట్టారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ‘నుమాయిష్ మస్నూఆతె ముల్కీ’, జనం పెరిగి చోటు చాలక 1946లో నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి వచ్చింది. ఆనవాయితీగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. ఒక ఆర్థిక సర్వే కోసం పుట్టిన సంత ఇది. అందుకే దీన్నే బల్లమీద పెట్టి కొలత పాఠాలు నేర్చుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

మొదటి పాఠం: దేన్ని లెక్కపెడుతున్నావో ముందు తేల్చుకో. గోషామహల్ గేటు, అజంతా గేటు, గాంధీభవన్ గేటు, ఏ దారిన వచ్చినా చింపిన టికెట్టు ముక్క చెప్పేది ఒక ‘రాక’ గురించి. మనిషి గురించి కాదు. పెళ్లికి చీరలు కొనాలని అత్తగారితో ఒకసారి, పిల్లల్ని లోపలి బొమ్మరైలు ఎక్కించడానికి మరోసారి, ఆఫీసు స్నేహితులతో మిర్చి బజ్జీలకు ఇంకోసారి వచ్చిన ఆబిడ్స్ ఉద్యోగిని టికెట్ల లెక్కలో ముగ్గురు. చంకనెక్కి వచ్చిన పిల్లవాడు సున్నా. టికెట్టు లేకుండా రోజూ లోపలే ఉండే స్టాళ్ల పనివాళ్లు కూడా సున్నాయే. కాబట్టి ‘ఇరవై లక్షల మంది సందర్శకులు’ అని ఎవరైనా అంటే, ‘ఇరవై లక్షల రాకలు’ అని సవరించి చదువుకోవాలి.

ఏ కొలత కావాలన్నది ఎవరు అడుగుతున్నారన్నదాన్నిబట్టి ఉంటుంది. పోలీసులకూ అగ్నిమాపక శాఖకూ కావాల్సింది ఒక్క క్షణంలో లోపల ఎంతమంది ఉన్నారన్నది. 2019 జనవరి 30 రాత్రి మైదానంలో మంటలు లేచి స్టాళ్లు తగలబడిన రోజున అవసరమైన అంకె అదొక్కటే. నెలమొత్తం టికెట్ల లెక్క ఆ రాత్రి ఎవరికీ అక్కరకు రాదు. బజ్జీల కొట్టాయనకు కావాల్సింది మనుషుల సంఖ్య కంటే వాళ్లు లోపల గడిపే గంటలు. ఆర్థికవేత్త అడిగేది మరీ వేరు: నీ ఇల్లెక్కడ?

ఆ క్షణపు సంఖ్యకూ, గేటు దగ్గర వచ్చిపోయే లెక్కకూ మధ్య ఒక చక్కటి వంతెన ఉంది. 1961లో జాన్ లిటిల్ అనే పరిశోధకుడు నిరూపించిన సూత్రం అది. లోపల సగటున ఉండే జనం అంటే, గంటకు వచ్చేవాళ్లను ఒక్కొక్కరు సగటున ఉండే గంటలతో గుణిస్తే వచ్చేదే. బ్యాంకు క్యూకైనా ఆస్పత్రి ఓపీకైనా ఎగ్జిబిషన్‌కైనా ఇదే వర్తిస్తుంది. రద్దీ నిలకడగా ఉన్న ఒక శనివారం గంటకు 10,000 మంది వస్తున్నారు, ఒక్కొక్కరు మూడు గంటలు తిరుగుతున్నారు అనుకుందాం. లోపల 30,000 మంది ఉండాలి. మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది దొరుకుతుంది. మనిషికి మనిషిని తడిమి లెక్కపెట్టే పని లేదు.

ఆ 30,000 నమ్మదగ్గదేనా అని చూడటానికి ఇంకో పాత ఉపాయం ఉంది. 1960లలో బర్కిలీలో జర్నలిజం పాఠాలు చెప్పిన హెర్బర్ట్ జేకబ్స్ తన కిటికీలోంచి విద్యార్థుల సభల్ని చూస్తూ దాన్ని కనిపెట్టాడు. నేలను గళ్లుగా విభజించి కొన్ని గళ్లలో తలలు లెక్కపెట్టాడు. పలుచగా నిలబడ్డ జనంలో మనిషికి 10 చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర అని తేల్చాడు. మన భాషలో చెప్పాలంటే ఎకరం నేల 43,560 చదరపు అడుగులు, అంటే పలుచగా సుమారు 4,350 మంది, ఒత్తుగా సుమారు 9,700 మంది. కానీ ఎగ్జిబిషన్ నేలలో చాలా భాగం స్టాళ్లదే, జనానికి మిగిలేది సందులు. ఈ ఒక్క గుణకారం చేతిలో ఉంటే ఏ సభకు ఎన్ని లక్షల మంది వచ్చారన్న ప్రకటనలు సగం చదవకుండానే తేలిపోతాయి. రాజకీయ పార్టీల కార్యకర్తలు మాత్రం ఈ పేరా దాటేసి ముందుకు పోవచ్చు.

ఇక డబ్బు సంగతి. లోపలికి పోయి కనిపించినవాళ్లను ఆపి ‘ఎంత ఖర్చుపెట్టారండీ?’ అని అడిగితే సరిపోదా? సరిపోదు. ఇక్కడే చాలామంది చదువుకున్నవాళ్లు కూడా బోల్తా పడతారు. గంటకు వంద మంది వస్తున్నారనుకోండి. సగం మంది గంటలో వెళ్లిపోతారు, 200 రూపాయలు ఖర్చుచేస్తారు. మిగతా సగం నాలుగు గంటలుంటారు, 1,000 రూపాయలు ఖర్చుచేస్తారు. నిజమైన సగటు 600. కానీ ఏ క్షణాన లోపలికి తొంగిచూసినా కనిపించేది గంట జనం 50 మంది, నాలుగు గంటల జనం 200 మంది. ఎవరిని ఆపినా అయిదింట నలుగురు ఎక్కువసేపు ఉండేవాళ్లే అవుతారు. మీకు వచ్చే సగటు 840. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కూడికలో తప్పు లేదు, అయినా నలభై శాతం ఎక్కువ వచ్చింది. ఎక్కువసేపు ఉండేవాడు మన వలలో ఎక్కువగా పడతాడు, అంతే. మాటిమాటికీ వచ్చేవాడి విషయంలోనూ ఇదే మొగ్గు.

మందు తేలికైనదే. లోపల ఆపకుండా బయటికి పోయే గేటు దగ్గర ఆపాలి. గంటసేపు ఉన్నవాడైనా నాలుగు గంటలున్నవాడైనా బయటికి పోయేది ఒక్కసారే. ఈ చిన్న మార్పును గుర్తుపెట్టుకోండి, అడవిలో మళ్లీ పనికొస్తుంది.

నాంపల్లి వదిలేముందు ఇదే మైదానంలో జూన్‌లో జరిగే మరో జాతర చెప్పాలి. మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఉబ్బసం రోగులకు చేప ప్రసాదం పంచుతుంది. దాని వైద్య విలువ ఈ అధ్యాయానికి సంబంధించింది కాదు. ప్రసాదం ఉచితం కాబట్టి టికెట్టు ఉండదు. అయినా లెక్క దొరుకుతుంది, ఎందుకంటే ప్రసాదాన్ని బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగించాలి. ఆ చేపపిల్లల్ని అక్కడే మత్స్యశాఖ అమ్ముతుంది. ఎన్ని చేపపిల్లలు అమ్ముడయ్యాయో తెలిస్తే చేపతో మందు తీసుకున్నవాళ్లు ఎందరో సుమారుగా తెలిసినట్టే. శాకాహారులకు బెల్లంలో ఇస్తారు, వాళ్లను వేరుగా కలుపుకోవాలి. రోగితోపాటు వచ్చిన కొడుకూ కోడలూ ఈ లెక్కలోకి రారు. మనుషుల్ని నేరుగా లెక్కపెట్టలేనప్పుడు వాళ్లతో ముడిపడ్డ మరో వస్తువును లెక్కపెట్టడం సర్వే శాస్త్రంలో పాత పద్ధతే. కొర్రమీనుతో లెక్కపెట్టడం మాత్రం హైదరాబాదు సొంతం. ఎగ్జిబిషన్ రోజుల్లో నాంపల్లి, గాంధీభవన్ మెట్రో స్టేషన్లలో దిగేవాళ్ల సంఖ్యను మామూలు రోజులతో పోల్చి, పెరిగినంత మేర నుమాయిష్ జనమని పట్టుకోవడమూ ఈ కోవలోదే.

ఇప్పుడు తోవమీదికి వద్దాం.

కాలిబాటమీద జనాన్ని లెక్కించడంలో మన రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన ఉదాహరణ తిరుమల. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి వచ్చేవాళ్లకు, శ్రీవారి మెట్టు దారిన వచ్చేవాళ్లకు దేవస్థానం దివ్యదర్శనం టోకెన్లు ఇచ్చేది. 2023 ఏప్రిల్ 1 నుంచి అలిపిరి దారిలో రోజుకు 10,000, శ్రీవారి మెట్టు దారిలో 5,000 అని పరిమితి పెట్టింది. టోకెన్లు లెక్కపెడితే నడిచినవాళ్లు తెలిసిపోతారని అనిపిస్తుంది. కానీ రోజూ పదివేల టోకెన్లే ఇస్తే రోజూ పదివేలే లెక్కకొస్తుంది. నడిచింది పదకొండు వేలో ఇరవై వేలో ఆ అంకె చెప్పదు. అది జనం సంఖ్య కాదు, కౌంటర్ సంఖ్య. టోకెన్ ఎక్కడ ఇస్తారన్నది మరో చిక్కు. కొండ కింద ఇస్తే తీసుకుని బస్సెక్కేవాళ్లుంటారు. అలిపిరి దారిలో సగానికి పైగా ఎక్కాక వచ్చే గాలిగోపురం దగ్గర అప్పట్లో ఇవ్వడంలో ఆ గుట్టు ఉండేది. కొలిచే పనిముట్టును ఎక్కడ పాతుతామన్నదే సగం శాస్త్రం.

స్పెయిన్‌లోని సాంతియాగో దారిదీ ఇదే కథ. కనీసం చివరి 100 కిలోమీటర్లు నడిచి సాంతియాగో చేరినవాళ్లకు అక్కడి చర్చి కార్యాలయం యోగ్యతాపత్రం ఇస్తుంది. 2024లో దాదాపు 4,99,000 మంది తీసుకున్నారు. యాత్రలెక్క అంటే లోకం ఈ అంకెనే చెప్పుకుంటుంది. మధ్యలో ఒక వారం నడిచి సెలవులైపోయి ఇంటికెళ్లినవాళ్లు, పత్రం అక్కర్లేదనుకున్నవాళ్లు అందులో ఉండరు. దారి పొడుగునా ఉన్న ఊళ్ల హోటళ్లకు మాత్రం వాళ్లూ గిరాకీయే.

అమెరికాలో అపలాచియన్ దారి 14 రాష్ట్రాలగుండా సుమారు 3,500 కిలోమీటర్లు పోతుంది. బెంటన్ మెకై 1921లో ఊహించాడు, 1937కు దారి పూర్తయింది. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఏట నడిచేవాళ్లు కొద్దిమంది. ఒక పూట నడిచి కారెక్కిపోయేవాళ్లు లక్షలు. దారి పక్కన చెట్లకు పరారుణ కౌంటర్లు పెడితే పూర్తిదారి నడిచేవాడు ప్రతి కౌంటర్లోనూ పడతాడు. పూట నడకవాడు ఒకదాంట్లో, వెనక్కి తిరిగొస్తే అదే కౌంటర్లో రెండుసార్లు పడతాడు. అన్నీ కలిపితే వచ్చేది మనుషులూ కాదు, రాకలూ కాదు. అక్కడి అటవీశాఖ 2000 నుంచి తన అడవులన్నింటిలో వాడుతున్న పద్ధతి మనం ఇందాక గేటు దగ్గర చెప్పుకున్నదే. దారిలోకి వచ్చే చోట్ల, పోయే చోట్ల కొన్నింటిని, ఏడాదిలో కొన్ని రోజుల్ని చీటీలు తీసినట్టు ఎంచుకుంటారు. ఆ రోజు అక్కడ కూర్చుని బయటికొచ్చేవాళ్లను ‘మళ్లీ లోపలికి పోతున్నారా, ఇక ఇంటికేనా?’ అని అడుగుతారు. ఇంటికే అన్నవాడినే లెక్కలో వేసుకుంటారు. ఒక్కో రాకకు ఆఖరి నిష్క్రమణ ఒక్కటే ఉంటుంది కదా.

యంత్రాన్ని గుడ్డిగా నమ్మరాదన్నది ఆ అనుభవంలోంచి వచ్చిన మరో సంగతి. పరారుణ కౌంటర్ ఒంటి వేడిని చూసి అంకె వేస్తుంది. ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఒకరినే చూస్తుంది. జింక పోయినా అంకె పడుతుంది. అందుకని కొన్ని గంటలు మనిషి పక్కన కూర్చుని చేత్తో లెక్కపెడతాడు. మనిషి లెక్క 200, యంత్రం లెక్క 160 వస్తే, ఇకమీదట యంత్రం చెప్పిందాన్ని ఒకటింపావుతో గుణించుకుంటాడు. ఈ సవరణ ప్రతి చోటుకూ ప్రతి రద్దీకీ వేరు. ఒంటరిగా నడిచే అమెరికా దారిలో తేలిన గుణకాన్ని, భుజం భుజం రాసుకుంటూ శివనామంతో నడిచే మన జనానికి అంటగడితే అంతే సంగతులు.

ఆ జనం నడిచే తోవ నల్లమలలో ఉంది. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కి శ్రీశైలం చేరే అడవి బాట అది. బస్సులొచ్చాక కూడా మహాశివరాత్రికీ ఉగాదికీ ఇది నిండుతుంది. శివరాత్రికి తెలుగు భక్తులు, ఉగాదికి కన్నడ భక్తులు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు అని కన్నడిగుల నమ్మకం. ఉత్తర కర్ణాటక నుంచి రోజుల తరబడి నడిచి వస్తారు. కొందరు కర్రకాళ్ల మీద వస్తారు. వాళ్లు కౌంటర్ కంటే ఎంత ఎత్తున నడుస్తారో ఏ యంత్రం తయారీదారూ ఆలోచించి ఉండడు.

ఈ తోవ దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యమైన నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వులోంచి పోతుంది. అందులో నాకెప్పుడూ వింతగా తోచే విషయం ఒకటుంది. ఈ అడవిలో పులుల్ని లెక్కించే పద్ధతి మనుషుల్ని లెక్కించే పద్ధతి కంటే చాలా మెరుగైనది. పులి పులికీ చారలు వేరు. బాటకు రెండు పక్కలా కెమెరాలు పెట్టి, మొదటిసారి దొరికినవాటిలో ఎన్ని రెండోసారీ దొరికాయో చూసి మొత్తాన్ని అంచనా వేస్తారు. మన దేశంలో ఈ పద్ధతిని 1990లలో పులులమీద పాదుకొల్పినవాడు కర్ణాటకకు చెందిన ఉల్లాస్ కారంత్. అసలు సూత్రం ఇంకా పాతది. డెన్మార్క్‌లో పీటర్సన్ 1890లలో చేపలకూ, అమెరికాలో లింకన్ 1930లో బాతులకూ వాడారు.

దాన్నే యాత్రికులకు వాడి చూద్దాం. నాగలూటి దగ్గర ఒక రోజు 400 మంది చేతులకు పసుపు దారం కడతాం. కైలాసద్వారం దగ్గర 500 మందిని చూస్తే అందులో 20 మందికి దారం ఉంది. అంటే నూటికి నలుగురికి. మనం కట్టిన 400 మంది మొత్తంలో నూటికి నలుగురు కాబట్టి మొత్తం 10,000. ఎంత బాగుంది! కానీ షరతులున్నాయి. దారం ఊడకూడదు. దారం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసిపోవాలి. మధ్యలో కొత్తవాళ్లు చేరకూడదు. వీటికి తోడు పులి ఎన్నడూ పెట్టని చిక్కు ఒకటి మనిషి పెడతాడు. పసుపు దారం కడుతుంటే అది ప్రసాదమనుకుని చుట్టూ మూగుతారు, వెనకబడ్డ చుట్టానికి ఒకటి అడిగి తీసుకుంటారు. కొలతే మనిషి నడతను మార్చేస్తుంది. అందుకే ఇక్కడ దారం కంటే ఫొటోనో, ఏ మోజూ పుట్టించని చిన్న చీటీయో నయం.

ఫోన్ల లెక్క పెట్టొచ్చు కదా అని కుర్రవాళ్లు అడుగుతారు. నాంపల్లిలో పెట్టొచ్చు. నల్లమల లోపల టవర్లు తక్కువ, పది మంది గుంపుకు ఫోన్ ఒక్కరి దగ్గరే ఉండొచ్చు. దాన్ని సవరించాలంటే మళ్లీ మనిషి కూర్చుని లెక్కపెట్టాల్సిందే.

ఇంత కష్టం ఎందుకు అంటారా? వేసవి మొదట్లో ఆ బాటమీద ఎన్ని నీళ్ల ట్యాంకర్లు కావాలి, ఎందరు వైద్యులు కావాలి, ఏ రాత్రి పెచ్చెరువు దగ్గర ఎందరు పడుకుంటారు అన్నవి ఊహతో తేల్చే సంగతులు కావు. పెచ్చెరువు నిద్రకూ లిటిల్ సూత్రం సరిపోతుంది. గంటకు చేరేవాళ్లు ఇంతమంది, సగటున ఆగేది ఇన్ని గంటలు, కాబట్టి నిలిచే జనం ఇంత. తిరుమల దారిలో 2023 ఆగస్టులో చిరుత ఒక పసిపిల్లను పొట్టనబెట్టుకున్నాక పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు తర్వాత మెట్లదారిలోకి పంపకుండా ఆంక్ష పెట్టారు. ఏ గంటకు ఎక్కడ ఎందరు పిల్లలుంటారో తెలిసినచోటే అలాంటి నిర్ణయం సరిగా పనిచేస్తుంది. పులుల రిజర్వులోంచి పోయే తోవకు ఆ లెక్క ఇంకా అవసరం.

ఇక ఈ నడక ఆత్మకూరుకూ అడవిలోని చెంచుగూడేలకూ తెచ్చే డబ్బెంత? ఆర్థిక ప్రభావం అనగానే మనవాళ్లు చేసే పని, తలకింత అని ఖర్చు రాసి జనంతో గుణించి, దాన్ని మళ్లీ రెండుతోనో మూడుతోనో హెచ్చవేసి కోట్లు చూపించడం. ఆ హెచ్చింపుకు గుణకం అని పెద్ద పేరు. దాని వెనక నిజమైన శాస్త్రమే ఉంది. ఏ పరిశ్రమ ఏ పరిశ్రమ దగ్గర ఎంత కొంటుందో పట్టిక వేసిన వసీలీ లియాంటీఫ్‌కు 1973లో నోబెల్ వచ్చింది. ఆత్మకూరు హోటలు ఆయన యాత్రికుడి దగ్గర తీసుకున్న డబ్బుతో ఊళ్లో కూరగాయలు కొంటాడు, కూరగాయలామె ఆ డబ్బుతో ఊళ్లోనే రవికె కుట్టించుకుంటుంది. అలా తిరిగినంతసేపూ ఊరికి లాభమే. కానీ చిన్న ఊరు చిల్లి కుండ. యాత్రికుడు కొన్న నీళ్ల సీసా ఎక్కడో నింపింది, బిస్కెట్టు ఎక్కడో చేసింది. ఊళ్లో మిగిలేది కొట్టువాడి లాభం మాత్రమే. ప్రతి చేతిలోనూ రూపాయికి ముప్పై పైసలే ఊళ్లో మళ్లీ ఖర్చవుతుందనుకుంటే మొత్తం గుణకం 1.43 దాటదు. మూడు అని రాసేవాడు ఊరిని రాష్ట్రమంత చేసి చూస్తున్నాడన్నమాట.

హద్దు ఎక్కడ గీశావన్నదాన్నిబట్టి జవాబు మారిపోతుంది. కర్నూలు యాత్రికుడు ఆత్మకూరులో పెట్టిన వంద రూపాయలు ఆత్మకూరుకు కొత్త డబ్బు. ఆంధ్రప్రదేశ్‌కు మాత్రం కాదు, అది రాష్ట్రంలోనే ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది. రాయచూరు యాత్రికుడిదైతే రాష్ట్రానికీ కొత్తదే. నాంపల్లికి ఇదే గీటురాయి పెట్టి చూడండి. ఆబిడ్స్‌లో కొనాల్సిన చీరను నుమాయిష్‌లో కొంటే నగరానికి ఒక్క రూపాయీ పెరగలేదు, దుకాణం మారింది. అదే మనిషి కశ్మీరీ శాలువా కొంటే, స్టాలు అద్దె, సేల్స్ కుర్రాళ్ల కూలి, వ్యాపారి నాంపల్లి లాడ్జిలో పెట్టిన ఖర్చు పోగా మిగతా డబ్బు శ్రీనగర్‌కు పోతుంది. శ్రీనగర్ లెక్కల్లో నుమాయిష్ ఎగుమతి ఆదాయం. హైదరాబాదు లెక్కల్లో అది చాలావరకు బయటికి పోయే డబ్బు. ఇలా అన్నందుకు కోపం తెచ్చుకోనక్కర్లేదు. స్టాళ్ల అద్దెలూ టికెట్ల డబ్బూ ఎగ్జిబిషన్ సొసైటీ ద్వారా సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వంటి విద్యాసంస్థలకు చేరాయి. అక్కడ చదివిన ఆడపిల్లల జీతాలను ఏ గుణకంలో వేస్తారు? ఆ ప్రభావం నిజమైనది, పెద్దది. నలభై ఆరు రోజుల అమ్మకాల పట్టికలో మాత్రం కనబడదు.

నల్లమల తోవలో అసలు డబ్బే తక్కువ చేతులు మారుతుంది. కన్నడ భక్తులు రొట్టెలు మూటగట్టుకుని వస్తారు. దారి పొడుగునా అన్నదానాలు, మజ్జిగ పందిళ్లు ఉంటాయి. ఖర్చు సర్వే చేస్తే తలకు వచ్చే అంకె నుమాయిష్ సందర్శకుడి ముందు చిన్నబోతుంది. అంతమాత్రాన దానికి విలువ లేదనగలమా? 1947లో అమెరికా జాతీయ పార్కుల శాఖ ఇలాంటి ప్రశ్నే పంపితే హెరాల్డ్ హోటలింగ్ అనే ఆర్థికవేత్త ఒక ఉత్తరంలో ఉపాయం చెప్పాడు. పార్కు చుట్టూ దూరాన్నిబట్టి వలయాలు గీయండి, ఏ వలయంలోంచి జనాభాలో ఎంత వంతు వస్తున్నారో చూడండి. దూరం నుంచి వచ్చినవాడు ప్రయాణానికి ఎక్కువ పెట్టాడు కాబట్టి, ఆ పెట్టిందాన్నిబట్టి ఆ చోటు విలువ కట్టొచ్చు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి ఇది.

శ్రీశైలం దగ్గర అది తడబడుతుంది. హోటలింగ్ లెక్కలో ప్రయాణం కష్టం, చేరడం ఫలం. బెళగావి వైపు నుంచి నడిచొచ్చే రైతుకు నడకే ఫలం. బస్సు దొరక్క నడవడం లేదాయన, బస్సు ఉండగా నడుస్తున్నాడు. పదిరోజుల కూలి పోగొట్టుకున్నాడని ఆ మొత్తాన్ని ఖర్చుపద్దులో వేస్తే, ఆయన దాన్ని జమలో వేసుకున్నాడని మరిచిపోయినట్టే. మొక్కుబడి నడకలకు ఈ పద్ధతి ఇచ్చే రూపాయల అంకెను నేనైతే ఏ నివేదికలోనూ రాయను.

లెక్క అసలు వద్దని కాదు. ఈ తోవ లెక్కకు చాలా అనువైనది కూడా. అపలాచియన్ దారికి అడుగడుగునా ప్రవేశాలుంటే, ఇక్కడ అందరూ ఒకే వైపు నడుస్తారు, దాదాపు అందరూ తిరుగు ప్రయాణానికి బస్సెక్కుతారు. ఆఖరి నిష్క్రమణ పద్ధతికి కైలాసద్వారం తయారుగా ఉన్న చోటు. పగలూ రాత్రీ గంటలు కొన్ని ఎంచుకుని అక్కడ ఇద్దరు మనుషులు చేత్తో లెక్కపెడతారు. ఎక్కివచ్చిన ప్రతి యాభయ్యో మనిషికి నీళ్లిచ్చి, కన్నడంలోనో తెలుగులోనో అయిదు ప్రశ్నలడుగుతారు. ఏ ఊరు, ఎక్కణ్నుంచి నడక, ఇది ఎన్నోసారి, అడవిలో ఎవరి దగ్గర ఏం కొన్నారు. ‘ఎంత ఖర్చయింది’ అంటే తోచిన అంకె చెబుతారు. ‘చెంచుల దగ్గర తేనె కొన్నారా?’ అంటే సరిగ్గా చెబుతారు. గూడేలకు నేరుగా అందేది ఆ డబ్బే కాబట్టి ఆ ప్రశ్నను విడిగా అడగాలి.

అయిదోది ఆర్థికవేత్త ప్రశ్న: ‘వచ్చే ఏడు ఈ అడవి బాట మూసేస్తే ఏం చేస్తారు?’ బస్సులో వస్తానన్నవాడి డబ్బు శ్రీశైలానికి ఎలాగూ వచ్చేదే, దాన్ని బాట ఖాతాలో వేయకూడదు. ఆ సంవత్సరం రానన్నవాడి డబ్బంతా బాటదే. రోడ్డుమీద నడిచి వస్తానన్నవాడి డబ్బు మాత్రం బాట ఖాతా వదిలి రోడ్డు దారిలోని దోర్నాల ఖాతాలోకి పోతుంది.